వేసవి సెలవుల్లో రాస్తానన్న థీసిస్

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. నేను కడప జిల్లాలో ఒక జూనియర్ కళాశాలలో చరిత్ర చెబుతాను. వయసు 38. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరి ఐదేళ్ళు కావస్తోంది. విజయనగర కాలం నుంచి 1947 వరకు కడప ప్రాంతపు చెరువులు నా అంశం. శాసనాలు, కైఫీయత్తులు (ఊళ్ళ పాత చరిత్రల రాతలు), పాత జిల్లా మాన్యువల్, ఇనాం (మాన్యం భూముల) రికార్డులు అన్నీ చదివాను. నోట్సే తొమ్మిది పుస్తకాలయింది. రాసింది మాత్రం పందొమ్మిది పేజీలు, అదీ మొదటి అధ్యాయంలోనే. ఏటా వేసవి సెలవుల్లో కూర్చుని పూర్తిచేద్దామనుకుంటాను. స్పాట్ వాల్యుయేషన్ అయ్యేసరికి సగం సెలవులు పోతాయి, మిగిలిన సగంలో ఎవరిదో పెళ్ళి ఉంటుంది. గడువు ఇంకా పద్నాలుగు నెలలుంది. గైడుగారి ఫోను వస్తే భయంతో రెండుసార్లు ఎత్తలేదు. ఆరు నెలలు జీతం లేని సెలవు పెట్టి కూర్చుంటే పూర్తవుతుందా? మావారు సరేనంటున్నారు. అత్తగారు ఏమీ అనడం లేదు. ఇంగ్లీషులో రాయడం కూడా నాకు కష్టంగానే ఉంది. దయచేసి పేరు వేయవద్దు.

సమాధానం: అమ్మా, సెలవు పెట్టకండి.

నా దగ్గర పరిశోధన చేసిన ఒకాయన ఇలాగే ఆరు నెలలు సెలవు పెట్టాడు. మొదటి నెలలో గది సర్దుకున్నాడు, బల్ల కొన్నాడు, నోట్సుకి రంగురంగుల చీటీలు అంటించాడు. రెండో నెలలో రోజుకు పది పేజీలు రాయాలని లెక్క వేసుకున్నాడు. మొదటి రోజు ఒకటిన్నర పేజీ వచ్చింది. అది మంచి పేజీన్నరే, నేను చూశాను. కానీ పది రావలసిన చోట ఒకటిన్నర వచ్చిందని ఆయనకు అవమానమనిపించింది. మూడో రోజు నుంచి బల్ల దగ్గరికి వెళ్ళడమే మానేశాడు. ఈలోగా ఇంట్లో వాళ్ళకి మనిషి ఖాళీగా ఉన్నాడని తెలిసిపోయింది. గ్యాస్ బండ, బ్యాంకు పని, బంధువులను ఆసుపత్రికి తీసుకువెళ్ళడం, అన్నీ ఆయన నెత్తిన పడ్డాయి. ఆరు నెలలకు ముప్ఫై పేజీలు కూడా కాలేదు. మగవాడి సంగతే ఇలా ఉంటే, ఇంట్లో కూర్చున్న కోడలిని ‘చదువుకుంటోంది, కదిలించకండి’ అని ఎన్నాళ్ళు అంటారో మీకే బాగా తెలుసు.

మీకు సమయం లేకపోవడం అసలు సమస్య కాదు. పెద్ద సమయం దొరికితే తప్ప పెన్ను పట్టకూడదన్న పట్టుదలే సమస్య. ఐదేళ్ళలో ఒక్క వేసవీ మీ మాట వినలేదు. ఆరో వేసవి మాత్రం ఎందుకు వింటుంది?

నేను కూడా బుద్ధిమంతుడినేమీ కాదు. 1987లో నా థీసిస్ టైపు చేసిపెట్టినాయన యూనివర్సిటీ గేటు ఎదురుగా జాబ్ టైపింగ్ దుకాణం నడిపేవాడు. ఉన్నది ఒక్క మిషను. దాని మీద మా నలుగురు స్కాలర్లకి గంటల చొప్పున వంతులు వేశాడు. నా వంతు సాయంత్రం ఐదు నుంచి ఆరు. కాగితాలు తెచ్చినా తేకపోయినా ఆ గంటకి డబ్బు ఇవ్వాల్సిందేనని ముందే చెప్పాడు. ఒకరోజు ఖాళీ చేతులతో వెళ్ళాను. ఆయన ఏమీ అనలేదు. నాలుగు తెల్లకాగితాలు, మధ్యలో మూడు కార్బన్లు పెట్టి, అంచులు తట్టి, మిషనులోకి ఎక్కించాడు. చేతులు కట్టుకుని గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. ఆరు కొట్టగానే కాగితాలు దించి, తరువాతి స్కాలరుని పిలిచాడు. రోజుకు రెండు పేజీలు రాయడం నాకు ఆ మర్నాటి నుంచి అలవాటైంది. జ్ఞానోదయం వల్ల కాదు, ఆ బెంచీ మీద మళ్ళీ కూర్చోలేక.

ఇప్పుడు ఆ మిషన్లు లేవు. మీ బెంచీని మీరే వేసుకోవాలి. కాలేజీలో మీకు రోజుకి ఒక లీజర్ పీరియడైనా ఉంటుంది. ఆ ముప్పావు గంట స్టాఫ్‌రూములో కూర్చోవద్దు. అక్కడ డీఏ బకాయిల మీద చర్చ ఎప్పటికీ తెగదు. లైబ్రరీలో చివరి బల్ల చూసుకోండి. ఫోను సంచీలో పెట్టి, సంచీ లైబ్రేరియన్ దగ్గర పెట్టండి. తెల్లవారుజామున మూడింటికి లేచి రాయమని మీకు చాలామంది చెబుతారు. మీరు ఇప్పటికే ఐదింటికి పొయ్యి వెలిగించే మనిషి అని నా అనుమానం. మూడింటికి లేచిన మనిషి నాలుగో రోజుకి జ్వరం తెచ్చుకుంటుంది, ఐదో రోజుకి థీసిస్‌ని తిట్టుకుంటుంది.

లెక్క చూడండి. మీ థీసిస్ రమారమి రెండు వందల పేజీలనుకుందాం. డబుల్ స్పేసులో పేజీకి 250 నుంచి 275 మాటలు, అంటే మొత్తం 55,000 మాటల లోపు. రోజుకు 250 మాటలు, వారానికి ఐదు రోజులంటే 1,250. అలా 44 వారాలు, అంటే పది నెలల పైచిలుకు. మీకు పద్నాలుగు నెలలుంది. మార్చిలో ఇంటర్ పరీక్షలు, ఆ తరువాత వాల్యుయేషన్, సంక్రాంతి, పిల్లల జ్వరాలు, మీరు బెంగపడుతున్న పెళ్ళిళ్ళు, అన్నీ మిగతా మూడున్నర నెలల్లో ఇమిడిపోతాయి. ఒకరోజు తప్పితే తప్పనివ్వండి. మర్నాడు 250 మాటలే రాయాలి, 500 కాదు. నిన్నటి బాకీని ఇవాళ్టికి కలుపుకుంటూ పోతే, వారం తిరిగేసరికి వడ్డీ వ్యాపారి ముఖం తప్పించుకున్నట్టు బల్ల ముఖం తప్పించుకుంటారు.

ముప్పావు గంటలో ఏం చేయాలి అంటారా? మీ నోట్సులోదే ఒకటి తీసుకుందాం. పోరుమామిళ్ళ చెరువు శాసనం మీ దగ్గర లేకుండా ఉండదు. 1369 నాటిది, బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించాడు, సంస్కృతంలో ఉంది. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ పని. ఇదంతా మీరు రెండో నోటుపుస్తకంలోనో మూడో పుస్తకంలోనో నాలుగు పేజీలు ఎత్తి రాసుకుని ఉంటారు. ఆ పుస్తకం మూసేయండి. తెల్లకాగితం పైన ఒక ప్రశ్న రాయండి. ‘కట్టించినవాడి పేరు రాతి మీద ఉంది. గండి పడితే పూడ్చినవాడి పేరు ఎక్కడ ఉంది?’ దాని కింద మీకు తెలిసినది తెలిసినట్టు రాసుకుంటూ పొండి. మొదటి రోజు కాగితం ఇలా ఉంటే చాలు:

‘వెయ్యిమంది రెండేళ్ళు పనిచేశారట. కట్టేటప్పుడు రాజు ఉన్నాడు. తరువాత? ఏటా పూడిక తీయాలి, కట్ట మీద చెట్లు కొట్టాలి, తూము చూసుకోవాలి. దశబంధం ఇనాం ఇక్కడ చెప్పాలి. చెరువు బాగుచేసినవాడికి భూమి. షరతు ఏమిటో సరిగ్గా చూడాలి ★. గ్రిబుల్ దొర 1875 కడప జిల్లా మాన్యువల్లో ఏమన్నాడు ★. కుడిమరామత్తు (ఊరివాళ్ళే చెరువు బాగుచేసుకోవడం) ఆచారమా, నిర్బంధమా? 1858 మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం వచ్చిందంటేనే ఆచారం అప్పటికి సడలిందని అర్థమా? ఇది గట్టిగా అనగలనా ★.’

ఆ చుక్క గుర్తులే ఇందులో కీలకం. అనుమానం వచ్చిన చోట చుక్క పెట్టి ముందుకు వెళ్ళాలి, లేచి పుస్తకం తీయకూడదు. మీరు ఐదేళ్ళుగా చేస్తున్నది అదే. ఒక వాక్యం రాస్తారు, గ్రిబుల్ ఏమన్నాడో చూడబోతారు, గ్రిబుల్ నుంచి ఇంకో రికార్డుకి, అక్కడి నుంచి కైఫీయత్తుకి. సాయంత్రానికి పదో నోటుపుస్తకం మొదలవుతుంది, పందొమ్మిదో పేజీ పందొమ్మిదో పేజీగానే ఉంటుంది. చుక్కలన్నిటినీ శనివారం ఒక గంటలో తీర్చుకోండి. సగం చుక్కలు అప్పటికే అక్కరలేనివని తేలుతుంది.

ఇంకో చిన్న సంగతి. పీరియడ్ బెల్లు కొట్టేలోపు, రేపటి ప్రశ్న ఒక్కటి చీటీ మీద రాసి నోటుపుస్తకంలో పెట్టుకోండి. లేకపోతే రేపు బల్ల దగ్గరికి వెళ్ళాక ఏం రాయాలా అని ఆలోచించడానికే పావుగంట పోతుంది, ఆ పావుగంటలోనే మనిషి పారిపోతాడు.

ఇక ఇంగ్లీషు. మొదటి ప్రతి తెలుగులో రాయండి. ఎవరూ అభ్యంతరం పెట్టరు, ఎవరికీ చూపించనక్కరలేదు కూడా. కట్ట, తూము, అలుగు, ఆయకట్టు అని మనసులో వచ్చినదాన్ని ఇంగ్లీషు మాట కోసం గుమ్మం దగ్గర నిలబెట్టినప్పుడే ఆలోచన తెగిపోతుంది. మధ్యలో ఇంగ్లీషు మాటలు పడితే పడనివ్వండి. వారం చివర ఆ ఐదు పేజీలు మీరే ఇంగ్లీషులోకి తిప్పండి. తిప్పేటప్పుడు ఒక మేలు జరుగుతుంది. తెలుగులో నున్నగా జారిపోయిన వాక్యం ఇంగ్లీషులోకి రానని మొండికేసిందంటే, చాలాసార్లు అది భాష ఇబ్బంది కాదు. అక్కడ మీరేం చెప్పదలచుకున్నారో మీకే తేలలేదన్నమాట. తిప్పే పని మొత్తం కంప్యూటర్‌కి అప్పగించకండి. చెరువు అలుగు కాస్తా చీమలు తినే అలుగు అయిపోయి, మిగులు నీరు పారే చోట ఒంటినిండా పొలుసులున్న జంతువు నిలబడవచ్చు. వైవాలో నవ్వుతారు.

మీ అంశం గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. ఆ శాసనం చెప్పిన ఆరు దోషాల్లో ఒకటి మీకు కంఠతా వచ్చి ఉంటుంది. నీళ్ళు తక్కువ, తడపవలసిన నేల ఎక్కువ. మీ థీసిస్‌కి పట్టిన దోషం అదే. విజయనగరం నుంచి 1947 అంటే ఆరు వందల ఏళ్ళు. పార్ట్‌టైమ్ స్కాలరు ఒక్క మనిషి తడపగలిగిన నేల కాదది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండకూడదని కూడా ఆ శాసనంలోనే ఉంది. కో-గైడు, అంటే రెండో గైడు కూడా ఉన్న స్కాలర్లందరూ ఆ మాట చదివి నిట్టూరుస్తారు. మీకు ఆ బాధ ఉన్నట్టు లేదు, సంతోషం.

నా సలహా, 1800లో నిజాం వదులుకున్న దత్తమండలాలు (కడప అందులోదే) ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినప్పటి నుంచి 1901–03 ఇరిగేషన్ కమిషన్ వరకు తెంచుకోండి. మెకంజీ దొర సేకరించిన కైఫీయత్తులు, ఇనాం రికార్డులు, 1858 చట్టం, గ్రిబుల్, మీ దగ్గర దండిగా ఉన్న సరుకంతా ఆ నూరేళ్ళదే. పోరుమామిళ్ళ, విజయనగరం అన్నీ కలిపి నేపథ్యంగా ఒక్క అధ్యాయం. పైన చెప్పిన గండి పూడ్చేవాడి ప్రశ్న ఆ అధ్యాయం చివర పడితే, మిగతా థీసిస్ దానికి జవాబుగా నడుస్తుంది. ‘ఎవరు కట్టించారు’ అన్నది చాలామంది రాశారు. ‘ఎవరు బాగుచేశారు, ఎప్పుడు మానేశారు, ఎందుకు’ అన్నది మీరు రాయండి. శీర్షికలో కాలం మార్చడానికి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఆమోదం కావాలి కాబట్టి ఈ పని ఇప్పుడే చేయాలి, సినాప్సిస్ (థీసిస్ సారాంశం) ఇచ్చే రోజున కాదు. తెంచుకున్నందుకు బాధ ఉంటుంది. విజయనగరం నోట్సు మూడు పుస్తకాలు ఉత్తినే పోయాయా అనిపిస్తుంది. పోవు, పట్టా వచ్చాక వ్యాసాలు రాసుకోండి.

మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోయారు కదా, దాన్ని అలాగే వదిలేయండి. ముందుమాట లాంటి అధ్యాయం ఆఖరున రాయాలి. ఇంట్లో ఏముందో తెలియకుండా గుమ్మానికి తోరణం ఎలా కడతారు? దశబంధం అధ్యాయంతో మొదలుపెట్టండి, మీకు బాగా తెలిసింది అదే అని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ఇక్కడ అచ్చువేయకుండా కుదించాను గానీ, ఇనాం రికార్డుల గురించి రాసిన చోట మీ చేతిరాత కూడా వేగంగా ఉంది.

గైడుగారి విషయం. ముప్ఫై ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి అటువైపు సంగతి చెబుతాను. స్కాలరు రాయలేదని గైడుకి పెద్ద కోపం రాదు. కోపం ఎప్పుడు వస్తుందంటే, రెండేళ్ళు కనబడకుండా పోయి, ఒకరోజు రెండు వందల పేజీలు తెచ్చి, ‘సార్, శుక్రవారం ఆఖరి తేదీ, సంతకం పెట్టండి’ అన్నప్పుడు. ఫోను ఎత్తనందుకు సంజాయిషీలు, ఇంట్లో అనారోగ్యాల కథలు వద్దు. రెండు వారాలు పైన చెప్పినట్టు రాసి, అందులోంచి ఆరు పేజీలు పంపి, మర్నాడు మీరే ఫోను చేయండి. ‘కాలం కుదిద్దామనుకుంటున్నాను, మీ అభిప్రాయం కావాలి’ అనండి. ఆయన ఆ ఆరు పేజీల గురించే మాట్లాడతారు. తరువాత నెలకోసారి, ఫలానా తేదీన, ఎంత ఉంటే అంత పంపుతానని మాట ఇచ్చేయండి. అది మీ రెండో బెంచీ.

గడువు గురించి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠంగా ఆరేళ్ళు. స్త్రీలకు మరో రెండేళ్ళ సడలింపు ఉంది. మీ విశ్వవిద్యాలయం దాన్ని ఎలా ఇస్తోందో, దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో పరిశోధన విభాగంలో అడిగి కాగితం మీద తీసుకోండి. అయితే అది జేబులో ఉండాలి, బల్ల మీద ఉండకూడదు. ఇంకా రెండేళ్ళుందని బల్ల మీద కనిపిస్తే లీజర్ పీరియడ్‌లో స్టాఫ్‌రూముకే వెళతారు. సమర్పణకి ముందు సెమినారు, సినాప్సిస్, సారూప్య పరీక్ష (ఇతరుల రాతతో పోలిక ఎంతుందో చూడటం), బైండింగు వీటన్నిటికీ రెండు మూడు నెలలు సునాయాసంగా పోతాయి, పైన వేసిన లెక్కలో ఇవి లేవు. జేబులో ఉన్న సడలింపు పనికొచ్చేది ఇక్కడే. యూజీసీ 2018 నిబంధనల్లో పది శాతం వరకు పోలికకి జరిమానా లేదు, అది దాటితే దిద్ది మళ్ళీ ఇవ్వడం మొదలుకొని రిజిస్ట్రేషన్ రద్దు దాకా ఉంది. మూలం చెప్పి కొటేషన్లలో పెట్టినది ఆ లెక్కలోకి రాదు. మీ తొమ్మిది పుస్తకాల్లో ఏది మీ మాట, ఏది ఎత్తి రాసుకున్నదో గుర్తులు పెట్టుకోకపోతే, పుస్తకం మూసి రాయమని నేనన్నది అందుకు కూడా పనికొస్తుంది.

అత్తగారు ఏమీ అనడం లేదని రాశారు. ఆ నాలుగు మాటల్లో నాకు చాలా వినిపించింది. ఆవిడకి ఒక పని అప్పజెప్పండి. వంటింటి గోడ మీద క్యాలెండరు ఉంటుంది కదా, రాసిన రోజున ఆవిడ చేతే ఒక గీత పెట్టించండి. ‘ఇవాళ రాశావా’ అని రాత్రి ఆవిడ అడుగుతారు. మా టైపు దుకాణం ఆయనకంటే గట్టిగానే అడుగుతారు. పనిలో పనిగా, ఆవిడ పుట్టినూళ్ళో చెరువు ఉంటే, పూడిక మట్టి ఎవరు తీసేవారో, ఎవరి పొలాలకి తోలుకునేవారో అడగండి. 1903తో తెంచుకున్న థీసిస్‌లో అది పట్టకపోవచ్చు. మీ ప్రశ్న మాత్రం పదునెక్కుతుంది, ఆవిడకీ మీరు ఐదేళ్ళుగా ఏం చేస్తున్నారో మొదటిసారి తెలుస్తుంది.

కొత్త ల్యాప్‌టాప్ కొనాలా అని ఉత్తరం అంచున చిన్న అక్షరాలతో అడిగారు. వద్దు. ఉన్నదాంట్లో రాసిన పేజీని ప్రతి శనివారం మీకు మీరే మెయిలు చేసుకోండి, ఒక ప్రతి ఇంటికి దూరంగా వేరేచోట ఉంచండి. నా థీసిస్ కార్బన్ కాపీల్లో అడుగున ఉన్నది మా అక్కయ్య ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండేది. మసకగా, అక్షరం అక్షరంలో కలిసిపోయి, ఎవరూ చదవలేనంతగా. అయినా ప్రతి ఆదివారం ఆ వారం పేజీలు పట్టుకుని బస్సెక్కి వెళ్ళి, పట్టుచీరల కింద పెట్టి వచ్చేవాణ్ణి.